చందా కట్టినవాళ్ల పత్రిక

మా బిల్డింగు కింది అంతస్తులో ఒక పెద్దావిడ ఉంటుంది. వయసు డెబ్బై ఎనిమిది. హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయింది. బెర్లిన్‌కు వచ్చి పదకొండేళ్లయినా ఇరుగుపొరుగులో నాకు మాటలు కలిసింది ఆవిడ ఒక్కతితోనే. అక్టోబరు 20, సోమవారం పొద్దున నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే ఆవిడ భుజాల మీద స్వెట్టరు వేసుకుని మెట్ల దగ్గర పోస్టు డబ్బా ముందు నిలబడి ఉంది. తాళం తీసింది. లోపల చెయ్యి పెట్టి తడిమింది. పిజ్జా కొట్టువాళ్ల రంగు కాగితం ఒకటి చేతికొచ్చింది. నన్ను చూసి మొహమాటంగా నవ్వింది.

"మర్చేపోయాను. నలభై ఆరేళ్ల అలవాటు కదా" అంది.

ఆ రోజు నుంచి ఆవిడ పత్రిక సోమవారం మొదలు శుక్రవారం దాకా కాగితం మీద రాదు. పత్రిక పేరు టాట్స్. అసలు పేరు పొడుగు, దానికి అర్థం 'దినపత్రిక' అనే, అంతకుమించి ఏమీ లేదు. 1979 ఏప్రిల్ 17న మొదలైన ఆ పత్రిక, 2025 అక్టోబరు 17 శుక్రవారంతో రోజువారీ అచ్చు ఆపేసింది. ఇక వారాంతపు సంచిక ఒక్కటే కాగితం మీద. మిగతా రోజులు ఫోన్‌లోనో టాబ్లెట్‌లోనో చదువుకోవాలి. దేశమంతటా అమ్ముడయ్యే జర్మన్ దినపత్రికల్లో ఈ పని చేసిన మొదటిది ఇదే.

ఈ సంగతి మా ఇంజనీరింగు బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో రాశాను. అక్కడే వచ్చింది తగువు. "అదేదో లెఫ్ట్ వాళ్ల పేపర్ కదరా. ఉద్యమాలు చేసుకునేవాళ్లు పెడితే అది కరపత్రం అవుతుంది, పత్రిక ఎలా అవుతుంది? పోతే పోయింది" అన్నాడొకడు. ఇంకొకడు దానికి బొటనవేలు బొమ్మ పెట్టాడు. నేను రెండు లైన్లు జవాబు రాసి, చెరిపేసి, మళ్లీ రాసి, మళ్లీ చెరిపేశాను. చెరిపేసిన ఆ జవాబే ఇక్కడ పెరిగి ఇంత పొడుగైంది.

నేను అనుకుంటున్నది ముందే చెప్పేస్తాను. పత్రికకు పక్షం ఉండటం వేరు, పత్రిక ఒకరి గుప్పిట్లో ఉండటం వేరు. పక్షం బాహాటంగా పెట్టుకుని కూడా స్వతంత్రంగా ఉండొచ్చు. అందరికీ సమదూరం అని మాస్టుహెడ్డు మీద రాసుకుని ఒక్క ఫోన్ కాల్‌కి వార్త ఆపేసేవాళ్లూ ఉండొచ్చు. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, పత్రికకు కష్టం వచ్చిన రోజున డబ్బు ఎవరి జేబులోంచి వస్తుందన్న దగ్గర. ఇది నాకు నమ్మకమే గానీ, ఈ నమ్మకానికి గండి కొట్టే సంగతులు కూడా టాట్స్ చరిత్రలో ఉన్నాయి. వాటిని దాచిపెట్టి వాదిస్తే నేనూ కరపత్రం రాసినట్టే.

మా అరుగు మీద పత్రిక

మా తాతయ్యది కృష్ణా జిల్లాలో ఒక పల్లెటూరు. ఇంటికి విశాలాంధ్ర వచ్చేది. వచ్చేది అంటే ఏ మధ్యాహ్నం బస్సుకో, ఒక్కోసారి మర్నాటికో. ఎరువుల కొట్లో బాకీ నిలబెట్టేవాడట గానీ పత్రిక చందా మాత్రం ఎన్నడూ బాకీ పెట్టలేదని నాన్న ఇప్పటికీ చెబుతుంటాడు. 1964లో కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలింది. పత్రిక సీపీఐ వైపు ఉండిపోయింది, తాతయ్యా దాంతోనే ఉండిపోయాడు. ఎదురింటాయన సీపీఎం వైపు వెళ్లాడు. ప్రజాశక్తి 1981లో దినపత్రిక అయ్యేదాకా ఆయనకు తన మాట రాసే దినపత్రిక లేదు. అందుకని రోజూ మా అరుగు మీదికే వచ్చి, విశాలాంధ్ర పట్టుకుని, ప్రతి వార్తనూ తిట్టుకుంటూ చదివేవాడట. తాతయ్య మాట్లాడేవాడు కాదు. కానీ పత్రిక మాత్రం లాక్కోలేదు.

ఈ కథ నాకెంత ఇష్టమైనా, ఇందులో ఒక చిక్కుంది. ఆ పత్రిక పార్టీది. పార్టీ ఎటు తిరిగితే అటు తిరగాల్సిందే. తాతయ్య కట్టిన చందా పత్రికను బతికించిందేమో గానీ, అందులో ఏం రాయాలన్నది తేల్చలేదు. మా వాట్సాప్ మిత్రుడు 'కరపత్రం' అన్నప్పుడు వాడి మనసులో ఉన్నది ఇలాంటిదే అయ్యుంటుంది. కాదనను.

అయితే ఉద్యమంలోంచి పుట్టడమే తప్పనుకుంటే మన పత్రికల చరిత్రలో సగం పేజీలు చింపెయ్యాలి. 1902లో మచిలీపట్నంలో కృష్ణాపత్రిక, 1926లో హైదరాబాదులో గోలకొండ పత్రిక, ఇవేవీ వ్యాపారం కోసం పెట్టినవి కావు. రజాకార్లను ఎదిరించి రాసినందుకు ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో నడివీధిలో చంపారు. ఆయనకూ పక్షం ఉంది. అది ఆయన దాచుకోలేదు.

వార్త రాని ఆరు వారాలు

టాట్స్ పుట్టుకకు పునాది 1977 శరదృతువులో పడింది. ఎర్రసేన (రెడ్ ఆర్మీ ఫ్యాక్షన్) అనే సాయుధ వామపక్ష ముఠా వాళ్లు యాజమాన్యాల సంఘం అధ్యక్షుడు హాన్స్ మార్టిన్ ష్లాయర్‌ను సెప్టెంబరులో ఎత్తుకుపోయారు, అక్టోబరులో చంపేశారు. ఆ మధ్య ఆరు వారాల పాటు ఈ వ్యవహారం మీద ఏమీ రాయవద్దని ప్రభుత్వం పత్రికలను కోరింది. చట్టం లేదు, జీవో లేదు. కోరింది, అంతే. పెద్ద పత్రికలన్నీ సరేనన్నాయి. ఒక మనిషి ప్రాణం కాపాడటానికి ఒప్పుకున్నాం అన్నారు. ఆ మాటలోనూ న్యాయం లేకపోలేదు, చిత్తశుద్ధితో అన్నవాళ్లూ ఉంటారు. కానీ ఎర్రసేనతో ఏ సంబంధమూ లేని వామపక్ష కుర్రకారుకు కూడా అప్పుడు ఒక సంగతి అర్థమైంది. ప్రభుత్వం మర్యాదగా అడిగితే చాలు, దేశంలో ఒక్క పత్రిక కూడా కాదనదు.

1978 జనవరి చివర్లో పశ్చిమ బెర్లిన్ టెక్నికల్ యూనివర్సిటీలో టూనిక్స్ అనే జాతర లాంటి సమావేశం జరిగింది. టూనిక్స్ అంటే 'ఏమీ చెయ్యకు' అని. ఏమీ చెయ్యవద్దని పిలిస్తే వేల మంది వచ్చి బోలెడు పనులు నెత్తినేసుకుని వెళ్లారు. అందులో ఒకటి, మనకంటూ ఒక దినపత్రిక. ఆ ఆలోచనను అక్కడ చెప్పినవాళ్లలో హన్స్ క్రిస్టియాన్ ష్ట్రోబెలె ఒకడు. లాయరు. ఎర్రసేన వాళ్ల కేసులు వాదించినవాడు. తర్వాత గ్రీన్ పార్టీ నాయకుడయ్యాడు. మా క్రాయిట్స్‌బెర్గ్ పేట నుంచే ఎంపీగా గెలిచాడు. 2022లో చనిపోయేదాకా సైకిల్ మీద తిరుగుతూ కనిపించేవాడని ఇక్కడ అందరూ చెబుతారు. నేను ఒక్కసారే చూశాను, సిగ్నల్ దగ్గర, ఎర్ర మఫ్లరుతో.

ఆ ఏడు సెప్టెంబరులో నమూనా సంచిక తెచ్చారు. పెట్టుబడి పెట్టే సేటు ఎవరూ లేరు. ముందుగానే చందా కట్టండి, 20 వేల మంది కడితే పత్రిక మొదలుపెడతాం అన్నారు. కట్టినవాళ్లు 7 వేల మంది. అయినా మొదలుపెట్టేశారు. లెక్క తెలిసినవాళ్లు ఎవరూ చెయ్యని పని ఇది.

ఆ 7 వేలలో మా కింది అంతస్తు ఆవిడా ఉంది. "నమ్మి కట్టారా?" అని అడిగాను ఒకసారి. "ఆరు నెలల్లో మూతపడుతుందని మా ఆయన పందెం కాశాడు. ఆయన్ని ఓడించడానికి కట్టాను" అంది.

కంపోజిటర్ల రాజ్యం

మొదట్లో అక్కడ చీఫ్ ఎడిటర్ లేడు. రాసేవాడికీ, ఊడ్చేవాడికీ, కంపోజు చేసేవాడికీ ఒకటే జీతం. అది కూడా చాలీచాలనిది. ప్రతిదానికీ అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. 1980లో ఆడవాళ్లు పత్రికలోనే సమ్మె చేసి, ఉద్యోగాల్లో 52 శాతం తమకని ఒప్పించుకున్నారు. 52 ఎందుకంటే జనాభాలో ఆడవాళ్లు అంతమంది కాబట్టి.

నాకు అన్నిటికంటే నచ్చేది కంపోజిటర్ల కథ. ఎవరో వ్యాసం రాస్తారు. అది కంపోజింగుకు వెళుతుంది. కంపోజు చేసే మనిషికి అందులో ఒక వాక్యం నచ్చదు. అక్కడే బ్రాకెట్ తెరిచి, తన మాట ఒకటి ఇరికించి, కింద 'కంపోజిటరు' అని సంతకం పెట్టేసేవాడు. ఆ సంతకం కూడా కావాలనే తప్పు స్పెల్లింగుతో. పొద్దున్నే చదువుకుంటుంటే గంభీరమైన రాజకీయ విశ్లేషణ మధ్యలో 'ఇదంతా నిరుడే చెప్పావు కదా' అన్న ధోరణిలో ఒక విసురు తగిలేది. రాసినవాళ్లకు ఒళ్లు మండేది. పాఠకులకు మాత్రం అదే ఇష్టంగా ఉండేది. మనూళ్లో హరికథ మధ్యలో వెనక కూర్చున్నవాడెవడో ఒక మాట విసిరితే సభంతా నవ్వినట్టు.

దీన్ని సరదా ముచ్చటగా తీసిపారెయ్యలేం. కరపత్రానికీ పత్రికకూ తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది. కరపత్రంలో ఒకటే గొంతు ఉంటుంది. సొంత వ్యాసాన్ని సొంత కంపోజిటరే వెక్కిరించే చోట ఎవరి లైనూ పూర్తిగా చెల్లదు. మా తాతయ్య పత్రికలో ఏ కంపోజిటరైనా ఈ పని చేసుంటే మర్నాడు ఏం జరిగేదో ఊహించుకోవచ్చు. ఆ మాటకొస్తే ఇవాళ మన పెద్ద పత్రికల్లో చేస్తే మర్నాడు దాకా కూడా ఆగరు.

వ్యాపారం మాత్రం వాళ్లకు అస్సలు రాదు. పత్రిక గుర్తు ఒక జంతువు పంజా ముద్ర. జర్మన్‌లో పంజాను టాట్సె అంటారు, టాట్స్‌కు తగిన గుర్తు. కానీ దాన్ని ట్రేడ్‌మార్కుగా రిజిస్టరు చేయించుకోవాలని ఎవరికీ తోచలేదు. కొండలెక్కేవాళ్లకు కోట్లూ బూట్లూ అమ్మే జాక్ వోల్ఫ్‌స్కిన్ కంపెనీ పంజా గుర్తును తన పేర రిజిస్టరు చేయించుకుంది. చివరికి కోర్టు గొడవల్లో టాట్స్ తన పంజాను సొంత పత్రిక మీద తప్ప చొక్కాలు, సంచుల్లాంటి సరుకుల మీద వేసుకోకూడదని తేలింది. పెట్టుబడిదారీ వ్యవస్థను ఏళ్ల తరబడి విమర్శించినవాళ్లు దాని మొదటి పాఠం చదవడం మర్చిపోయారు.

తుపాకుల చందా

ఇప్పుడు నా వాదనకు తగిలే దెబ్బ.

1980 నవంబరులో టాట్స్ ఒక విరాళాల పిలుపు వేసింది. ఎల్ సాల్వడార్‌లో సైనిక పాలన మీద పోరాడుతున్న గెరిల్లాలకు ఆయుధాలు కొనడానికి. మందులకు కాదు, బట్టలకు కాదు. 'ఎల్ సాల్వడార్‌కు ఆయుధాలు' అనే పిలిచారు. బ్యాంకు ఖాతా నంబరు పత్రికలోనే వేశారు. 1992లో అక్కడ యుద్ధం ముగిసేదాకా వసూళ్లు సాగాయి. మొత్తం 47 లక్షల జర్మన్ మార్కులు (అప్పటి ఇక్కడి డబ్బు) దాటింది.

ఇది చదివినప్పుడు నాకు నిజంగా గుండె జారింది. ఒక దేశంలో జరుగుతున్న యుద్ధం గురించి వార్తలు రాస్తూ, అదే యుద్ధంలో ఒక వర్గానికి తుపాకులు కొనిపెట్టే పత్రికను ఏమనాలి? రేపు ఆ గెరిల్లాలే ఊళ్లో ఎవర్నో అన్యాయంగా చంపితే ఆ వార్త వీళ్లు రాస్తారా? రాసినా ఎవరు నమ్ముతారు? మిత్రుడు 'కరపత్రం' అన్నది ఇక్కడ నూటికి నూరుపాళ్లు నిజం.

ఆవిడను అడిగాను, మీరు కట్టారా అని. కట్టిందట, ఇరవై మార్కులు. "ఇప్పుడైతే కడతారా?" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. టీ కప్పు తిప్పుతూ కూర్చుంది. "ఆర్చిబిషప్‌ను పూజ చేస్తుండగా కాల్చి చంపారు అప్పుడు. ఆ కోపంలో కట్టాను" అంది. ఆస్కార్ రొమేరో గురించి. అది ఆ ఏడు మార్చిలోనే జరిగింది. "కట్టకుండా ఉండాల్సింది అని చెప్పలేను. పత్రిక వసూలు చెయ్యకుండా ఉండాల్సింది అని మాత్రం చెప్పగలను." నేనూ ఇంతకంటే మెరుగైన జవాబు వెతుక్కోలేకపోయాను.

ఒక్కటి మాత్రం గమనించాను. ఈ వసూళ్లలో దాపరికం లేదు. ఎవరి కోసం, దేని కోసం అన్నది పేజీ మీదే ఉంది. చదివేవాడు ఆ ముక్క తెలిసే చదివాడు. దాంతో తప్పు ఒప్పయిపోదు. కాకపోతే మనకు అలవాటైన రోగం ఇది కాదు. మన దగ్గర ఏ పత్రిక ఎవరిదో పాలవాడికి కూడా తెలుసు, పత్రికలో మాత్రం ఉండదు. రెండు పేపర్లు తెప్పించుకుని, అటు సగం ఇటు సగం కొట్టేసి, మధ్యలో మిగిలింది నిజం అనుకోవడం మన ఇళ్లల్లో అలవాటైపోయింది. మా నాన్న పాతికేళ్లుగా చేస్తున్నది అదే. రెండు చందాలూ దండగే అంటాడు, రెండూ కడతాడు.

అమ్మెయ్యాలా, పంచుకోవాలా

టాట్స్‌ను బతికించింది ఆదర్శాలు ఒక్కటే అనుకుంటే పొరపాటు. పశ్చిమ బెర్లిన్‌లో నడిచే సంస్థలకు జర్మన్ ప్రభుత్వం ప్రత్యేకంగా రాయితీలు ఇచ్చేది. గోడ మధ్యలో ఇరుక్కున్న ఊరు ఖాళీ అయిపోకుండా. పత్రికను ఇక్కడ పెట్టడానికి ఆ రాయితీ కూడా ఒక కారణం. రాజ్యాన్ని రోజూ తిట్టే పత్రిక రాజ్యం డబ్బుతో పూట గడుపుకుంది. గోడ కూలింది, దేశం ఒకటైంది, రాయితీలు పోయాయి. టాట్స్ మునిగిపోయే దశకు వచ్చింది.

1991లో పెద్ద రగడ. ఎవరైనా పెట్టుబడిదారుణ్ణి తెచ్చుకుందాం, లేకపోతే మూతే అన్నారు చాలామంది, ముఖ్యంగా రాసేవాళ్లు. సహకార సంఘం పెట్టి పాఠకులకే వాటాలు అమ్ముదాం అన్నారు మిగతావాళ్లు. చివరికి ఓట్లు వేసుకుంటే సహకారం గెలిచింది. 1992 నుంచి పత్రిక పాఠకుల సొత్తు. ఇప్పుడు 20 వేల మందికి పైగా సభ్యులున్నారు. వాటా కనీసం 500 యూరోలు, వాయిదాల్లోనూ కట్టొచ్చు. అయిదొందలు పెట్టినా వేలకు వేలు పెట్టినా ఓటు మాత్రం ఒక్కటే.

(అదే 1991లో మన ఆంధ్రపత్రిక ఆగిపోయింది. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1908లో బొంబాయిలో మొదలుపెట్టి, అమృతాంజనం అమ్మిన డబ్బుతో నిలబెట్టిన పత్రిక. తలనొప్పి మందు ఆదాయంతో ఒక జాతికి భాష నేర్పిన మనిషి ఆయన. ఒక దొడ్డ మనిషి జేబు మీద నిలబడ్డ పత్రికకు ఆ జేబే దిక్కు. ఆ పత్రికకు వేలమంది పాఠకులు వాటాదార్లుగా ఉండుంటే ఏమయ్యేదో అని ఊహించుకోవడం నాకు ఒక వ్యసనం.)

ఒక్క ఓటు సంగతి ఎంత గట్టిదో చెప్పే ముచ్చట ఒకటుంది. బెర్లిన్‌లో టాట్స్ ఆఫీసుకు కూతవేటు దూరంలో స్ప్రింగర్ సంస్థ భవనం ఉంటుంది. సంచలన వార్తల పత్రిక బిల్డ్ వాళ్లది. 1968లో విద్యార్థి నాయకుడు రూడీ డుచ్కెను ఒకడు తలలో కాల్చినప్పుడు, ఆ ద్వేషాన్ని రాజేసింది స్ప్రింగర్ పత్రికలేనని విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. ఆ గాయాల తాలూకు జబ్బుతోనే డుచ్కె 1979లో చనిపోయాడు. టాట్స్ వాళ్లు తమ వీధికి డుచ్కె పేరు పెట్టాలని పట్టుబట్టారు. ప్రత్యర్థులు వద్దని పేటలో ఓటింగు పెట్టించారు. 2007 జనవరిలో జనం డుచ్కె వైపే మొగ్గారు, ఏడాది తర్వాత పేరు మారింది. ఇప్పుడు రూడీ డుచ్కె వీధి వెళ్లి ఆక్సెల్ స్ప్రింగర్ వీధిని ఢీకొడుతుంది. ఇండియా నుంచి చుట్టాలు వస్తే బ్రాండెన్‌బుర్గ్ గేటు తర్వాత నేను వాళ్లకు చూపించేది ఆ మూలే. ఫొటో తీసుకునేంత ఏముందిరా ఇక్కడ అంటారు.

ఆ బిల్డ్‌కు కాయ్ డీక్‌మన్ అని ఒక ప్రధాన సంపాదకుడు ఉండేవాడు. టాట్స్ తన మీద రాసిన ఒక అశ్లీలమైన వెటకారం మీద 2002లో కోర్టుకెక్కి పరిహారం అడిగాడు. ఇతరుల రహస్యాలు అమ్ముకుని బతికే పత్రిక నడిపేవాడివి, నీకు నష్టపరిహారం రాదన్న ధోరణిలో కోర్టు తీర్పు చెప్పింది. మరుసటి ఏడు టాట్స్, నమూనా సంచిక నుంచి లెక్కేసి, తన పాతికేళ్ల పండుగకు ఒక్క రోజు పత్రికను నడపమని పిలిచింది ఎవరినో తెలుసా, ఆ డీక్‌మన్‌నే. వచ్చి నడిపాడు. ఆ సంచిక విపరీతంగా అమ్ముడుపోయింది. 2009లో ఆయన ఏకంగా టాట్స్ సహకార సంఘంలో వాటా కొనుక్కున్నాడు. శత్రువు వచ్చి మన ఇంట్లో వాటాదారు అయ్యాడు. అయితే ఏం చెయ్యగలిగాడు? వేల ఓట్లలో ఒకటి. మా కింది అంతస్తు ఆవిడకూ అంతే ఉంది.

మన దగ్గర ఒక పత్రికలో వాటాలు చేతులు మారాయని తెలిస్తే మర్నాటి సంపాదకీయం ఎలా ఉంటుందో అందరికీ ముందే తెలిసిపోతుంది.

అలిగిన యజమాని

ఇంతా రాశాక ఒక అనుమానం నన్ను వదలడం లేదు. సేటు పోయాడు, పార్టీ పోయింది, సర్కారు పోయింది. మరి పాఠకుడే యజమాని అయితే ఆ యజమానికి కోపం రాకుండా రాయాలి కదా? ఒకే రకం మనుషులు, ఒకే రకం అభిప్రాయాలు, ఆ వాటాదార్లకు నచ్చేది వండిపెట్టడమే పని అయిపోదా? ఇప్పటి యూట్యూబు ఛానళ్ల తంతు అదే. సబ్‌స్క్రైబర్లకు కోపం వస్తే మర్నాడు వీడియోలో స్వరం మారిపోతుంది.

టాట్స్‌లో ఈ ఒత్తిడి లేదని ఎవరూ అనరు. 1988లో ఒక డిస్కో కిటకిటలాడిందని చెప్పడానికి ఒక రచయిత నాజీల గ్యాస్ ఛాంబర్ల పోలిక వాడాడు. జర్మనీలో, ఆ దేశపు వామపక్ష పత్రికలో. పాఠకులు భగ్గుమన్నారు. దాన్ని అచ్చుకు వదిలిన ఎడిటర్లను తీసేశారు. తీసెయ్యడం సరైందా కాదా అని లోపల చాన్నాళ్లు కొట్టుకున్నారు. 2006లో పోలండ్ అధ్యక్షుణ్ణి బంగాళాదుంపతో పోల్చి వెటకారం చేస్తే ఆయన జర్మనీ, ఫ్రాన్స్ నేతలతో జరగాల్సిన సమావేశానికే రాలేదు. 2020లో ఒక కాలమిస్టు, పోలీసు శాఖను ఎత్తేస్తే ఆ పోలీసులందరినీ ఎక్కడ పెట్టాలి అని అడిగి, చెత్త కుప్ప మీద అని తేల్చారు. హోంమంత్రి కేసు పెడతానని బెదిరించి తర్వాత ఊరుకున్నాడు. పత్రికలోనే సగం మంది అది వెటకారం అన్నారు, సగం మంది మనుషుల్ని చెత్త అనడమేమిటన్నారు. రెండూ పత్రికలోనే అచ్చయ్యాయి.

మా ఆవిడ (కింది అంతస్తావిడ, మా ఇంటావిడ కాదు) అల్లుడు పోలీసు. ఆ కాలమ్ చదివిన రోజు చందా రద్దు చేస్తూ ఉత్తరం రాసింది. మూడు నెలల తర్వాత మళ్లీ కట్టింది. "వాటా కూడా వెనక్కి తీసుకున్నారా?" అన్నాను. నావైపు వింతగా చూసింది. ఆవిడ జర్మన్‌లో అన్నదాన్ని మన మాటల్లో చెప్పాలంటే, అలిగితే అన్నం మానేస్తాం గానీ ఇల్లు అమ్ముకుంటామా అని.

నా అనుమానానికి సగం జవాబు అక్కడ దొరికింది. పాఠకుడు చందాదారుడు మాత్రమే ఐతే ఒట్టి గిరాకీయే. సరుకు నచ్చకపోతే వేరే కొట్టుకు పోతాడు. వాటా ఉన్నవాడు పోడు, అక్కడే ఉండి పోట్లాడతాడు. అలా పోట్లాడే ఇరవై వేల మందికి ఒకే మాట మీద ఏకాభిప్రాయం కుదరడం కల్ల. ఆ కుదరకపోవడంలోనే రాసేవాడికి ఊపిరాడే సందు దొరుకుతుంది. ఒక్క యజమాని ఉన్నచోట ఆ సందు ఉండదు.

మిగతా సగం అనుమానం అలాగే ఉంది. ఎందుకంటే ఈ లెక్కలో చేరని మనుషులు ఇంకా ఉన్నారు, ఆ పత్రికలో పనిచేసేవాళ్లు. టాట్స్ జీతాలు మిగతా పెద్ద పత్రికల కంటే ఎప్పుడూ తక్కువే. కుర్రవాళ్లు వస్తారు, పని నేర్చుకుంటారు, పెళ్లో పిల్లలో అయ్యాక రెట్టింపు జీతానికి పెద్ద పత్రికకు వెళ్లిపోతారు. పాఠకులు వాటా ఒక్కసారి కడతారు. జర్నలిస్టు తన వాటాను నెలనెలా జీతంలో కోత రూపంలో కడతాడు. మన మండల విలేకరుల బతుకు తెలిసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. స్వతంత్ర పత్రిక ఖర్చు ఎవరు భరిస్తున్నారు అంటే పాఠకుడు అని ఇందాక గర్వంగా రాశాను. ఆ వాక్యం పక్కన మన కంపోజిటరు ఎవరైనా బ్రాకెట్లో ఒక విసురు విసరాలి.

ట్రంకు పెట్టె

ఆదివారం నాన్నకు ఫోన్ చేసి తాతయ్య చందా రసీదులేమైనా ఉన్నాయా అని అడిగాను. "ట్రంకు పెట్టెలో ఉండాలిరా. చెదలు తినగా మిగిలినవి. ఇప్పుడెందుకవి?" అన్నాడు. ఊరికే అన్నాను. "ఊరికే ఫోన్ చేసి రసీదులు అడుగుతారా ఎవరైనా? నువ్వేమైనా డబ్బు కడుతున్నావా ఎక్కడైనా?" అన్నాడు. ఆయనకు ఎలా తెలుస్తుందో ఇవన్నీ. ఇరవై అయిదు యూరోల చొప్పున ఇరవై వాయిదాలు అని చెప్పాను. కాసేపు లెక్కేసుకున్నాడు. "మన డబ్బులో యాభై వేలు! అక్కడి భాష నీకు సరిగ్గా వచ్చా అసలు?" అన్నాడు. సగం వచ్చు నాన్నా అన్నాను.

శనివారం వారాంతపు సంచిక కాగితం మీదే వచ్చింది. సాయంత్రం పెద్దావిడ తలుపు కొట్టింది. చేతిలో పత్రిక, మూడో పేజీలో ఎర్ర పెన్నుతో రెండు పేరాల చుట్టూ గీత. ఇంత తప్పుడు వాదన ఈ మధ్య చదవలేదు, జవాబు రాయాలి, టాబ్లెట్‌లో ఎక్కడ నొక్కాలో చూపించు అంది. చూపించాను. మా వంటగది బల్ల దగ్గర కూర్చుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టడం మొదలుపెట్టింది. పప్పు పొయ్యి మీద ఉడుకుతోంది. గంటయినా రెండో పేరా దాటలేదు.